ఎన్ని ప్రాజెక్టులని కాదు, ఎవరికి పనికొచ్చాయని అడగండి

అమెరికాలో ఎంఎస్ చదువుతున్న మన పిల్లల రెజ్యూమేలు నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. కొన్ని ఆఫీసు పని మీద వస్తాయి. మరికొన్ని ‘మా తమ్ముడి కొడుకండీ, ఒక్కసారి చూసి పెట్టండి’ అంటూ వాట్సాప్‌లో వస్తాయి. పైన పేరు, యూనివర్సిటీ చెరిపేస్తే ఏది ఎవరిదో చెప్పడం కష్టం. ప్రాజెక్టుల కింద ఎప్పుడూ అవే నాలుగు: టైటానిక్ ఓడలో ఎవరు బతికి ఉంటారో అంచనా వేసే ప్రోగ్రాం, సినిమా సమీక్ష మెచ్చుకున్నదా తిట్టిందా తేల్చే ప్రోగ్రాం, ఒక షాపింగ్ వెబ్‌సైట్, ఒక చాటింగ్ యాప్. ఆ టైటానిక్ పట్టికలో 891 మంది వివరాలుంటాయి. సినిమా సమీక్షలు 50 వేలు. రెండూ ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. వాటిని ఎలా చేయాలో చెప్పే జవాబులూ పక్కనే దొరుకుతాయి.

నేర్చుకోవడానికి అవి మంచివే. వంట నేర్చుకునేవాళ్లు ముందు అన్నం వండటం నేర్చుకుంటారు. కానీ హోటల్లో వంటమనిషి ఉద్యోగానికి వెళ్లి ‘అన్నం వండాను’ అని రాసుకుంటే ఎవరు పిలుస్తారు? రెండు వందల మంది అదే మాట రాస్తే, అందులో నిజంగా చేయి తిరిగినవాడెవడో యజమానికి ఎలా తెలుస్తుంది?

ప్రోగ్రామింగ్ చదివే పిల్లలకు చూపించుకోదగ్గ పని ఏదని నన్నడిగితే నా జవాబు ఇదే: ముక్కూమొహం తెలియని మనుషులు తప్పులు పట్టి సరిదిద్దించిన పని, ఆ తర్వాత ముక్కూమొహం తెలియని మనుషులు వాడుకున్న పని. అలాంటిది ఒక్కటి ఉన్నా చాలు. ఫీజు కట్టకుండా, సిఫారసు లేకుండా అలాంటి పని చేయగల చోటు ఓపెన్ సోర్స్. అక్కడికీ మనం పాత అలవాట్లనే మోసుకెళ్తున్నామన్నదే నా బాధ.

అమీర్‌పేట నుంచి అమెరికా దాకా

ఆ అలవాటు ఇక్కడ పుట్టింది కాదు. బీటెక్ నాలుగో ఏడాది వచ్చేసరికి ప్రాజెక్టు అంటే కొనుక్కునే వస్తువైపోయింది. అమీర్‌పేటలో, దిల్‌సుఖ్‌నగర్‌లో దానికి దుకాణాలే ఉన్నాయి. డబ్బు కడితే కోడ్, రిపోర్టు, స్లైడ్లు, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు అన్నీ కలిపి ఇస్తారు. కాలేజీకి తెలుసు, పిల్లలకు తెలుసు, ఇంట్లోవాళ్లకూ తెలుసు. అందరూ చేస్తున్నారు కాబట్టి తప్పనిపించదు. అలా నాలుగేళ్లు చదివి, ఒక్క ప్రోగ్రాం కూడా సొంతంగా మొదటి నుంచి చివరి దాకా రాయకుండా విమానమెక్కేవాళ్లు ఎందరో.

ఇక్కడికొచ్చాక గడియారం పరుగెడుతుంది. చదువు పూర్తయి ఓపీటీ మొదలయ్యాక మొత్తం 90 రోజులకు మించి ఉద్యోగం లేకుండా ఉండకూడదు. స్టెమ్ పొడిగింపు వచ్చినవాళ్లకు ఆ గడువు మొత్తం కలిపి 150 రోజులు. ఊళ్లో పొలం మీదనో ఇంటి మీదనో తెచ్చిన అప్పుకు వడ్డీ పెరుగుతూ ఉంటుంది. సరిగ్గా ఆ సమయంలో కన్సల్టెన్సీ నుంచి ఫోను వస్తుంది. ‘ఏం భయపడకు తమ్ముడూ, మూడేళ్ల అనుభవం రాద్దాం, ఇంటర్వ్యూ సంగతి మేం చూసుకుంటాం’ అని. ఇరవై నాలుగేళ్ల పిల్లవాడికి ఆ మాట దేవుడు పలికినట్టే వినిపిస్తుంది.

ఇది ఒక్క ఉద్యోగంతో పోయే అబద్ధం కాదు. రెజ్యూమేలో రాసిన అనుభవం రేపు వీసా కాగితాల్లోకి, ఎల్లుండి గ్రీన్‌కార్డు కాగితాల్లోకి వెళ్తుంది. ముఖ్యమైన విషయంలో అబద్ధం చెప్పి వీసా ప్రయోజనం పొందాలని చూసినట్టు తేలితే, దేశంలోకి రావడానికి శాశ్వతంగా అనర్హులను చేసే నిబంధన ఇక్కడి ఇమిగ్రేషన్ చట్టంలో ఉంది. పదేళ్ల తర్వాత ఇల్లు కొని, పిల్లలు బడికి వెళ్తున్న వేళ ఆ పాత కాగితం బయటికొస్తే ఎవరేం చేస్తారు? కన్సల్టెన్సీ బోర్డు అప్పటికి మారిపోయి ఉంటుంది. పేరు మాత్రం మనవాడిదే.

ఆ పిల్లవాడు చెడ్డవాడు కాదు. చూపించడానికి చేతిలో నిజమైనది ఏమీ లేకపోవడం వల్లే అబద్ధానికి లొంగిపోతాడు. అందుకే నిజమైనది ఒక్కటైనా ముందే సంపాదించుకోవాలంటున్నాను.

అందరి కళ్లముందు చేసే పని

సాఫ్ట్‌వేర్ రంగంలో లేని పెద్దవాళ్ల కోసం ఒక మాట. ఓపెన్ సోర్స్ ఊరి చెరువు లాంటిది. నీళ్లు అందరూ వాడుకోవచ్చు. గట్టు తెగితే మట్టి వేయడానికి ఎవరైనా రావచ్చు. కానీ వేసిన మట్టి నిలుస్తుందా లేదా అని ఊళ్లో తెలిసినవాళ్లు చూసి ఒప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో ఆ తెలిసినవాళ్లను మెయింటైనర్లంటారు. మీరు చేసిన మార్పును ‘చూసి కలుపుకోండి’ అని వాళ్లకు పంపడమే పుల్ రిక్వెస్ట్. మీ ఆండ్రాయిడ్ ఫోను లోపల నడుస్తున్న లినక్స్ కూడా ఇలాంటి చెరువే. 1991లో ఫిన్లండ్‌లోని హెల్సింకి యూనివర్సిటీలో చదువుకుంటున్న లినస్ టోర్వాల్డ్స్ దాన్ని మొదలుపెట్టినప్పుడు అతని వయసు 21.

మన ఎంఎస్ పిల్లలకు ఇంకా దగ్గరి ఉదాహరణ ఎల్‌ఎల్‌వీఎం. కంప్యూటర్ భాషలో రాసిన ప్రోగ్రాంను యంత్రానికి అర్థమయ్యేలా మార్చే పరికరాల సముదాయం అది. 2000లో ఇలినాయ్ యూనివర్సిటీ అర్బానా-షాంపేన్‌లో మొదలైంది. క్రిస్ లాట్నర్ అనే విద్యార్థి 2002లో ఇచ్చిన ఎంఎస్ థీసిస్ దాని గురించే. తర్వాత యాపిల్ అతన్ని ఉద్యోగంలోకి తీసుకుంది. ఈరోజు ఐఫోన్ యాప్‌లు తయారయ్యేది ఆ పరికరాలతోనే. అది చదువు కోసం చేసిన ప్రాజెక్టే. కానీ అందరికీ తెరిచి పెట్టారు, అందరూ వాడారు, అందరూ తప్పులు చూపించారు. అందుకే అది పెరిగింది.

అందరూ లాట్నర్లు కానక్కర్లేదు. ఓపెన్ సోర్స్‌లో ఎక్కువ పని చిన్నదే. ముందు ఎవరో రాసిన వేల వరుసల కోడ్‌ను తెచ్చి మన కంప్యూటర్‌లో నడిపించాలి. దానికే కొన్నిసార్లు రెండు మూడు రోజులు పడుతుంది. ఎవరో ఫిర్యాదు చేసిన తప్పు మన దగ్గర కూడా వస్తుందా అని చూడాలి. ఎక్కడ పుట్టిందో వెతకాలి. సరిచేయాలి. సరైనట్టు రుజువు చేసే చిన్న పరీక్ష రాయాలి. అప్పుడు పంపాలి. అటువైపు నుంచి ‘ఇది పాత వెర్షన్‌లో పనిచేయదు’ అనో, ‘ఈ పేరు అర్థం కావట్లేదు’ అనో జవాబు వస్తుంది. మళ్లీ రాయాలి. మళ్లీ పంపాలి. ఉద్యోగంలో చేరాక రోజూ చేయాల్సింది అక్షరాలా ఇదే. కాలేజీలో ఇది ఎవరూ నేర్పరు. ఎందుకంటే అక్కడ ప్రతి అసైన్‌మెంటూ ఖాళీ కాగితంతో మొదలవుతుంది, మార్కులు పడగానే ముగుస్తుంది.

కృత్రిమ మేధ వచ్చాక ఈ తేడా ఇంకా పెరిగింది. ఖాళీ కాగితం మీద షాపింగ్ వెబ్‌సైట్ ఇప్పుడు యంత్రమే గంటలో రాసిస్తోంది. ఇతరులు రాసింది చదవడం, అనుమానించడం, ఎక్కడ విరుగుతుందో పసిగట్టడం ఇప్పటికీ మనిషి పనే. 2024 మార్చిలో జరిగింది గుర్తుచేసుకోండి. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తన కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందని గమనించాడు. ఎందుకని తవ్వుకుంటూ వెళ్తే, ఎక్స్‌జెడ్ అనే చిన్న ఓపెన్ సోర్స్ పరికరంలో ఎవరో దొంగదారి పెట్టిన సంగతి బయటపడింది. ప్రపంచంలోని అసంఖ్యాక సర్వర్లలోకి చొరబడగలిగే కుట్ర అది. పెట్టినవాడు రెండేళ్లకు పైగా మంచివాడిలా పనిచేసి, నమ్మకం సంపాదించి, ఆ పని చేశాడు. ఆ అర సెకను చాలామంది కంప్యూటర్లలోనూ పోయి ఉంటుంది. ‘ఎందుకు?’ అనుకున్నది ఒక్కడు. సంస్థలు వెతికేది అలాంటి మనిషి కోసమే.

టీషర్టు కోసం తెచ్చుకున్న చెడ్డపేరు

ఇక చేదు విషయం. ఏటా అక్టోబరులో హాక్టోబర్‌ఫెస్ట్ అని జరుగుతుంది. డిజిటల్ ఓషన్ సంస్థ 2014లో మొదలుపెట్టింది. నిర్ణీత సంఖ్యలో పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చేవారు. కొత్తవాళ్లను ఆహ్వానించడానికి చేసిన మంచి ప్రయత్నం. 2020లో అది తలకిందులైంది. ప్రపంచవ్యాప్తంగా మెయింటైనర్ల మీద పనికిరాని మార్పులు వరదలా వచ్చి పడ్డాయి. పరిచయ పేజీలో ‘అద్భుతమైన ప్రాజెక్టు’ అని ఒక ముక్క చేర్చడం, ఒక కామా తీసేయడం, అంతే. టీషర్టు ఎంత సులువుగా కొట్టేయవచ్చో చూపించిన ఒక హిందీ యూట్యూబ్ వీడియోకు అందులో పెద్ద పాత్ర ఉంది. విసిగిపోయిన మెయింటైనర్లు గగ్గోలు పెట్టడంతో, ‘మేం పాల్గొంటాం’ అని ముందుగా చెప్పిన ప్రాజెక్టులే లెక్కలోకి వస్తాయని నిర్వాహకులు కొద్ది రోజుల్లోనే నిబంధన మార్చాల్సి వచ్చింది.

2024 మొదట్లో మళ్లీ అదే కథ. వెబ్‌సైట్లు నడిపే ఎక్స్‌ప్రెస్ అనే ప్రసిద్ధ ప్రాజెక్టుకు, పరిచయ పేజీలో తమ పేరు చేరుస్తూ విద్యార్థులు గుంపులు గుంపులుగా మార్పులు పంపారు. పుల్ రిక్వెస్ట్ ఎలా పంపాలో నేర్పే ఇంకో వీడియోలో ఉదాహరణగా ఆ ప్రాజెక్టునే చూపించారు. చూసినవాళ్లు చూసినట్టే చేశారు. బడిలో బోర్డు మీద రాసింది పలక మీద దించినట్టు.

ఆ మెయింటైనర్లలో చాలామంది జీతం లేకుండా, రాత్రిపూట, పిల్లలు పడుకున్నాక పనిచేసేవాళ్లు. ఒక్కో పనికిరాని మార్పును తెరిచి, చదివి, మూసేయడానికి వాళ్ల సమయం పోతుంది. కర్ల్ అనే పరికరాన్ని 1998 నుంచి పోషిస్తున్న డేనియల్ స్టెన్‌బర్గ్, కృత్రిమ మేధతో రాయించి పంపే దొంగ ఫిర్యాదులు తమను ఎలా ముంచెత్తుతున్నాయో బహిరంగంగానే చెప్పుకొచ్చారు. ఇలా జరిగిన ప్రతిసారీ నష్టపోయేది నిజంగా పని చేసే మన పిల్లలే. భారతీయ పేరుతో మొదటిసారి ఒక మార్పు వస్తే అటువైపు మనిషి ఒక క్షణం అనుమానంగా చూసే పరిస్థితి మనమే తెచ్చుకున్నాం. అన్నం ఉడికిందా అని ఒక మెతుకే పట్టి చూస్తారు. ఆ మెతుకు ఎవరిదో మన చేతుల్లో లేదు.

ఈ మధ్య ఒక పరిచయస్తుడు సంతోషంగా చెప్పారు: ‘మావాడు గిట్‌హబ్‌లో రోజూ ఏదో ఒకటి పెడుతున్నాడండీ, క్యాలెండరంతా పచ్చగా ఉంది!’ నేను ఆయన సంతోషం పాడుచేయలేదు కానీ ఇక్కడ చెప్పాలి. ఆ పచ్చ గళ్లకు విలువ తక్కువ. గిట్‌లో రాసే మార్పుకు తేదీ మన ఇష్టం వచ్చినట్టు వేసుకోవచ్చు. ఒక్క సాయంత్రంలో ఏడాది క్యాలెండరును పచ్చగా నింపే చిన్న ప్రోగ్రాంలు కూడా ఉన్నాయి. అది చూసి మోసపోయే ఇంజనీర్లు తక్కువ. మనవాడి మార్పు కింద ఇంకొకరు రాసిన వ్యాఖ్యలు, దానికి మనవాడు ఇచ్చిన జవాబులు, చివరికి కలుపుకున్నారా లేదా అన్నది మాత్రం అలా ఇంట్లో కూర్చుని సృష్టించుకునేవి కావు.

ఒక అమ్మాయి, ఏడు వారాలు

కొన్నేళ్ల క్రితం ఇంటర్వ్యూ చేసిన ఒక అమ్మాయి గురించి చెబుతాను. గుంటూరు వైపు చిన్న కాలేజీలో బీటెక్. ఇక్కడ పెద్ద పేరున్న యూనివర్సిటీ కూడా కాదు. రెజ్యూమేలో ఓపెన్ సోర్స్ కింద ఒకే ఒక్క వరుస. మ్యాపులు చూపించే ఒక సాఫ్ట్‌వేర్‌లో, భారతీయ భాషల్లో ఊరి పేర్లు వెతికినప్పుడు ఫలితాలు రాకపోవడాన్ని సరిచేసిన పని అది.

ఎందుకు రావట్లేదో ఆ అమ్మాయి బోర్డు దగ్గర నిలబడి వివరించింది. మనకు ఒకే అక్షరంలా కనిపించే ‘శ్రీ’ కంప్యూటర్‌కు నాలుగు సంకేతాలు: శ, పొల్లు, ర, దీర్ఘం. ఆ సాఫ్ట్‌వేర్ పేరులో మొదటి రెండు మూడు సంకేతాలు కోసుకుని వెతుకుతోంది. ఇంగ్లీషుకు అది సరిపోతుంది. తెలుగు పేరు నడుమ విరిగిపోతుంది. ఆమె పంపిన మార్పు ఏడు వారాలకు గానీ ఒప్పుకోలేదు. మూడుసార్లు తిరిగి రాయించారు. ఒకసారి ‘ఇలా చేస్తే వెతకడం నెమ్మదిస్తుంది’ అన్నారు. అప్పుడామె కొలిచి చూపించింది. చివరికి కలిసిన మార్పు నలభై వరుసలు కూడా లేదు.

ఆ నలభై వరుసల గురించి మేం నలభై నిమిషాలు మాట్లాడుకున్నాం. ఎక్కడ తడబడిందో, ఎవరి అభ్యంతరం సరైనదో, ఇప్పుడైతే ఎలా రాస్తుందో దాచుకోకుండా చెప్పింది. ఇరవై ప్రాజెక్టులు రాసుకొచ్చినవాళ్లను ‘ఇందులో ఏది కష్టమైంది?’ అని అడిగితే నోరు పెగలకపోవడం చాలాసార్లు చూశాను. కష్టం పడనివాడికి కష్టం గురించి చెప్పడానికి ఏముంటుంది?

మన భాషలోనే బోలెడంత పని

ఆ అమ్మాయి కథలో ఇంకో పాఠం ఉంది. ఆమెకు ఆ తప్పు కనిపించింది తెలుగు చదవడం వచ్చు కాబట్టి. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లను కుప్పకూల్చిన సంఘటన చాలామందికి గుర్తుండే ఉంటుంది. ‘జ్ఞా’ అన్న తెలుగు అక్షరం, నడుమ కంటికి కనిపించని ఒక సంకేతంతో కలిసి మెసేజిలో వస్తే చాలు, యాప్ మూతపడిపోయేది. ఐఓఎస్ 11.2.6తో యాపిల్ దాన్ని సరిచేసింది. ప్రపంచమంతా నవ్వుకుంది. నాకైతే వేరే సంగతి తట్టింది. కోట్లమంది మాట్లాడే భాష అయినా, దాన్ని రకరకాలుగా రాసి పరీక్షించి చూసేవాళ్లు సాఫ్ట్‌వేర్‌లో ఎంత తక్కువో ఆ ఒక్క అక్షరం చెప్పింది.

పరదేశంలో ఉండి తెలుగుకు కంప్యూటర్‌లో చోటు చేసినవాళ్లు మనకు లేకపోలేదు. ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసే ఆర్‌టీఎస్ పద్ధతి 1990ల మొదట్లో హ్యూస్టన్‌లోని రైస్ యూనివర్సిటీలో పుట్టింది. కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ దానికి రూపమిచ్చారు. దాని పేరులోని మొదటి అక్షరం ఆ యూనివర్సిటీదే. తర్వాత వెన్న నాగార్జున పద్మ తయారుచేశారు. పాత ఫాంట్లలో ఉన్న తెలుగును యూనికోడ్‌లోకి మార్చే పరికరమది. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలుకావడంలోనూ ఆయన పాత్ర ఉంది. ఆ పునాదుల మీదే వీవెన్ లేఖిని నిలిపారు. ఈ వ్యాసం చదువుతున్న ఎందరో తమ మొదటి తెలుగు ఈమెయిల్ దాంతోనే రాసి ఉంటారు. తిరుమల కృష్ణదేశికాచార్యులు పోతన, వేమన ఫాంట్లను అందరికీ ఇచ్చారు. సిలికానాంధ్ర విడుదల చేసిన గిడుగు, రామభద్ర, మల్లన్న, మండలి వంటి ఫాంట్లు గూగుల్ ఫాంట్స్‌లో స్వేచ్ఛగా దొరుకుతున్నాయి. హైదరాబాద్‌లో స్వేచ్ఛ సంస్థ విద్యార్థులతో ఇలాంటి పనే చేయిస్తోంది.

చేయాల్సింది ఇంకా కుప్పలుగా ఉంది. పాత పుస్తకం ఫొటోలోంచి అక్షరాలు పట్టే టెసరాక్ట్ తెలుగులో వత్తుల దగ్గర ఇప్పటికీ తడబడుతుంది. తెలుగు వికీసోర్స్‌లో పేజీలు దిద్దేవాళ్లు కావాలి. లినక్స్ కార్యక్రమాల మెనూలు తెలుగులోకి రావాలి. ఇక్కడే పుట్టి, మనబడిలో తెలుగు నేర్చుకుంటున్న హైస్కూలు పిల్లలకు ఇంతకంటే మంచి మొదటి మెట్టు ఏముంది? తెలుగూ ప్రోగ్రామింగూ రెండూ తెలిసినవాళ్లు అక్కడ కొరత. కొరత ఉన్నచోట కొత్తవాళ్లకు గౌరవం దొరుకుతుంది. అమ్మమ్మ భాష ఎందుకు పనికొస్తుందన్న ప్రశ్నకూ జవాబు దొరుకుతుంది.

తీరిక ఎక్కడిది?

‘చెప్పడం తేలికేనండీ, తీరిక ఎక్కడిది?’ అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. సెమిస్టరులో వారానికి 20 గంటలు క్యాంపస్ ఉద్యోగం, మూడు కోర్సులు, వంట, గిన్నెలు, అప్పు గురించి బెంగ. అందరికీ ఒకే సలహా పనికిరాదు. ఓపెన్ సోర్స్‌లో పనిచేస్తే ఉద్యోగం ఖాయమని చెప్పేవాళ్లను కూడా నమ్మకండి. చాలా సంస్థల్లో రెజ్యూమేను ముందు జల్లెడ పట్టేది మనిషి కాదు, యంత్రం. దానికి మీ నలభై వరుసల అందం తెలియదు.

అయినా లెక్క వేసి చూడండి. రెజ్యూమేలో నాలుగు నకలు ప్రాజెక్టులు నింపడానికీ సమయం పడుతోంది కదా. అందులో మూడు వదిలేసి ఆ సమయం ఒక్కచోట పెడితే? వారానికి మూడు నాలుగు గంటలు, ఒకే ప్రాజెక్టు, ఏడాది పాటు. మొదటి రెండు నెలలు చదవడమే. ఇతరుల మార్పుల మీద పెద్దవాళ్లు ఏం వ్యాఖ్యలు రాస్తున్నారో చూడటమే. మీరు ఇప్పటికే వాడుతున్న పరికరాన్నే ఎంచుకోండి. కష్టం తెలిసినచోట చేసిన సాయానికి విలువ ఉంటుంది.

‘పెద్ద కంపెనీలకు ఉచితంగా చాకిరీ చేయడమేగా?’ అనేవాళ్లూ ఉన్నారు. అందులో కొంత నిజం ఉంది. మనం సరిచేసింది వాడుకుని లాభపడేవాళ్లు ఉంటారు. అయితే అక్కడ మన పేరు, తేదీ, చేసిన పని చెరిగిపోకుండా ఉంటాయి. కన్సల్టెన్సీ రాసిచ్చిన మూడేళ్ల అనుభవంలో మనది ఏముంటుంది?

డబ్బు వచ్చే దారులూ కొన్ని ఉన్నాయి. 2005 నుంచి నడుస్తున్న గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌లో ఎంపికైనవాళ్లకు స్టైపెండ్ ఇస్తారు. శ్రీలంకలోని మొరటువా యూనివర్సిటీ ఏళ్ల తరబడి అందులో ముందు వరుసలో నిలిచింది. సీనియర్లు జూనియర్లను కూర్చోబెట్టి నేర్పే వాతావరణం ఉన్నచోట అలాంటిది సాధ్యమవుతుంది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ పిల్లలూ అందులో బాగా రాణించారు. ఒక జాగ్రత్త మాత్రం తప్పనిసరి. ఎఫ్-1 వీసాలో ఉన్నవాళ్లు ఇలాంటి స్టైపెండ్ ఏది తీసుకోవాలన్నా ముందు తమ యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడిగి, రాతపూర్వకంగా జవాబు తీసుకోవాలి. అలాగే కోర్సు అసైన్‌మెంట్ల జవాబులను గిట్‌హబ్‌లో బహిరంగంగా పెట్టకూడదు. చాలా యూనివర్సిటీల్లో అది నిబంధనల ఉల్లంఘన.

పెద్దలు చేయగలిగింది

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఖమ్మం నుంచి ఒక మిత్రుడు ఫోన్ చేసి, ‘అన్నా, మావాడికి ఎన్ని ప్రాజెక్టులుంటే సరిపోద్ది?’ అని అడిగాడు. ‘ఎన్ని అని కాదు అన్నా, ఒక్కటి చెప్పమను. అది ఎవరు వాడుతున్నారు, అందులో తప్పు ఎవరు పట్టుకున్నారు, వీడు దాన్ని ఎలా దిద్దాడు, ఈ మూడూ అడుగు’ అన్నాను. ఈ మూడు ప్రశ్నలకు కోడింగ్ తెలియక్కర్లేదు. మేస్త్రీ పని చూసినవాళ్లు, బట్టలు కుట్టినవాళ్లు, వ్యవసాయం చేసినవాళ్లు ఎవరైనా అడగగలరు. పిల్లవాడు ఉత్సాహంగా గంట చెప్పాడంటే నిశ్చింతగా ఉండండి. విసుక్కుని ‘నీకు అర్థం కాదులే నాన్నా’ అన్నాడంటే కాస్త ఆలోచించండి.

ఒక సెమిస్టరు ఆలస్యమైనా ఫరవాలేదు, అబద్ధం మాత్రం రాయొద్దని పిల్లలకు మీ నోటితో చెప్పండి. వాళ్లు అబద్ధం వైపు వెళ్లేది చాలాసార్లు మీ కోసమే. మీరు నెల నెలా వడ్డీ కడుతున్నారన్న అపరాధభావంతోనే. ఆ మాట మీ దగ్గర్నుంచి వస్తే వాళ్లకు ఎంత బరువు దిగుతుందో మీకు తెలియదు.

మన తెలుగు సంఘాలకూ ఒక మాట. ఉగాదికి, సంక్రాంతికి వేదికలు వేస్తాం, సినీతారలను పిలుస్తాం, బాగానే ఉంటుంది. ఏ నగరంలో చూసినా మన సంఘాల్లో ఇరవై ఏళ్ల అనుభవమున్న సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు వందల్లో ఉన్నారు. నెలకో శనివారం, లైబ్రరీలో ఉచితంగా దొరికే గది, పది మంది విద్యార్థులు, ఇద్దరు పెద్దవాళ్లు. ఒక ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు తెరిచి కలిసి చదవండి. పిల్లలు మార్పు పంపేముందు వాళ్ల కోడ్‌లో తప్పులు మనమే పట్టండి. మొహమాటపడకుండా పట్టండి. ‘బాగుంది నాన్నా’ అని వెన్ను తట్టడం ఆ గదిలో పనికిరాదు. బయటివాళ్లు వాళ్ల సమయం ఖర్చుపెట్టి చెప్పేది, మనింట్లోవాళ్లం ముందే చెబితే మనవాళ్ల మీద నమ్మకం పెరుగుతుంది. ఖర్చు టీ, సమోసాలు.

కన్సల్టెన్సీలు బలంగా ఉన్నది మన పిల్లలకు ఇక్కడ వేరే పెద్ద దిక్కు కనిపించకపోవడం వల్ల. ఆ ఫోను వచ్చేలోపే మన ఫోను వెళ్లాలి.